విప్పిన నక్షత్రాలు

డిసెంబరు వచ్చిందంటే అరుణజ్యోతి ఇంటి ముందుగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద నుంచి షేక్‌పేట వైపు దిగే సందులో ఆ ఇల్లు. గోడకు వరసగా థర్మాకోల్ అట్టలు ఆనించి ఉండేవి. వాటి మీద గుండుసూదులతో బిగించిన తెల్లటి నక్షత్రాలు, గంటలు, మంచుపువ్వులు. పొయ్యి మీద పలచటి గంజి. దారంతో అల్లిన నక్షత్రాన్ని ఆ గంజిలో ముంచి, పిండి, అట్ట మీద సాగదీసి, కొనకో సూది గుచ్చి ఆరబెడితే, అంతవరకు చేతిరుమాలులా వేలాడినది అప్పడంలా గట్టిపడి నిలబడుతుంది. అట్టలు తెచ్చేది ఆమె భర్త ఓదెలు. అతను సినిమా సెట్ల దగ్గర వడ్రంగి. షూటింగు అయిపోయి కోటగోడలూ రాజమహళ్ళూ విప్పేసినప్పుడు పనికొచ్చే ముక్కలు ఆటోలో వేసుకుని వచ్చేవాడు. ఒక పక్క రాతిగోడ రంగు, రెండో పక్క తెలుపు. ఆ తెల్ల పక్కన క్రిస్మస్ నక్షత్రాలు ఆరేవి.

జ్యోతి వాళ్ళది క్రిస్మస్ చేసుకునే ఇల్లు కాదు. సిద్దిపేట దగ్గర పల్లెలో పుట్టి, ఓదెల్ని చేసుకుని ఈ సందులోకి వచ్చినప్పుడు ఆమెకు లేసు అంటే చీర అంచుకు కుట్టేదని మాత్రమే తెలుసు. కొత్తకాపురంలో ఓదెలు ఔట్‌డోర్ షూటింగులకు వెళితే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. పొద్దుగూకితే చాలు, ఆమెకు భయమేసేది. తలుపు గడియ పెట్టుకుని, టీవీ సౌండు పెంచుకుని కూర్చునేది. అది చూసి ఎదురింటి రెండో అంతస్తు నుంచి దిగి వచ్చినావిడ శేషారత్నం.

శేషారత్నానిది నరసాపురం పక్కన ఒక ఊరు. ఆ చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపించే రోజుల్లో పెరిగిన మనిషి. బడికి వెళ్ళకముందే సూది పట్టింది. లైట్‌మేన్‌ని చేసుకుని మద్రాసు వెళ్ళింది, సినిమావాళ్ళంతా హైదరాబాదు వచ్చేస్తే వాళ్ళతోపాటే ఇక్కడికొచ్చింది. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే పగలంతా ఇంట్లో ఒక్కతే. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పాస్టరుగారు వేరే పేరు పెడతానన్నా, మా అమ్మ పిలిచిన పేరుతోనే ప్రభువు కూడా పిలుస్తాడులెండి అని ఊరుకుందట.

ఆవిడ జ్యోతి చేతిలో కొక్కెం ఉన్న చిన్న సూది పెట్టింది. మొదట గొలుసు అల్లించింది, ఆపైన గొలుసును గుండ్రంగా చుట్టించింది. తప్పు వస్తే కసరదు, దగ్గరకు జరిగి, జ్యోతి వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచి మళ్ళీ మొదలుపెట్టించేది. ఆ వేళ్ళ వెచ్చదనం జ్యోతికి ఇప్పటికీ గుర్తే. కూతురు కడుపులో ఉన్నప్పుడు, పుట్టినప్పుడు, ఓదెలు నిచ్చెన మీద నుంచి పడి మంచానికి అంటుకుపోయినప్పుడు, ప్రతి కష్టంలోనూ పక్కన ఆవిడ ఉంది. జ్యోతి ఆవిణ్ణి పెద్దమ్మా అనేది. ప్రతి క్రిస్మస్‌కీ పెద్దమ్మ ఇంట్లో వెదురుబద్దల స్టారుకి కాగితం అంటించడం, కిటికీకి అల్లిక దేవదూతల్ని కట్టడం జ్యోతి పనే.

ఆ కిటికీలోని దేవదూతల వల్లే వాళ్ళకు పని వచ్చింది. జూబ్లీహిల్స్‌లో పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వేడుకలకు అలంకరణ చేసే వందన అనే ఆమె, ఓదెలు పనిచేసే సెట్టు దగ్గరికి ఏదో సామాను కోసం వచ్చి, అతని ఫోనులో ఆ కిటికీ ఫోటో చూసింది. ఈ రోజుల్లో బజారులో దొరికే ప్లాస్టిక్ బొమ్మలు ఎవరికీ నచ్చడం లేదని, చేత్తో చేసినవే కావాలంటున్నారని చెప్పి, ఒక పెట్టెడు చేయించుకుని వెళ్ళింది. మరుసటి ఏడాది నాలుగు పెట్టెలు. తర్వాత క్రిస్మస్‌తో ఆగక గుమ్మానికి వేలాడదీసేవి, బల్లమీద పరిచేవి, ఏడాది పొడుగునా ఏదో ఒకటి. జ్యోతి ముందుగది పనిగది అయింది. సందులోని మనోజ వచ్చి చేరింది, ఇంకో ఇద్దరు చేరారు. అందరికీ నేర్పింది శేషారత్నమే. కిటికీ పక్కన ఉన్న కుర్చీ ఆవిడది, దాన్లో ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

క్రితం ఏడు డిసెంబరులో ఒక మధ్యాహ్నం వందన జ్యోతి ఫోనుకు ఒక ఫోటో పంపింది. మూడు నక్షత్రాల చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ఉంది. ఇవి కొంచెం లూజుగా ఉన్నాయండీ, ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి, ఫినిషింగ్ బాలేదు, క్లయింట్ ఇంట్లో ఇలాంటివి పెట్టలేను అని మర్యాదగానే రాసింది. ఎవరి చేతివో జ్యోతి చూడగానే గుర్తుపట్టింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. పెద్దమ్మ సూది పట్టుకున్న కుడిచేయి, గాలి తగిలిన ఆకులా సన్నగా అదురుతోంది. సూదిమొన దారాన్ని అందుకోబోయి తప్పిపోతోంది, మళ్ళీ వెతుక్కుంటోంది. ఆవిడ మాత్రం చర్చిలో జరిగిన పెళ్ళి గురించి హాయిగా చెబుతూనే ఉంది. ఈ వణుకు ఎప్పటి నుంచి ఉందో, రోజూ ఎదురుగా కూర్చునే తనకు ఎందుకు కనపడలేదో జ్యోతికి అర్థం కాలేదు.

చెప్పాలనుకుంది. ఎలా చెప్పాలో ఆలోచించింది. పెద్దమ్మా జర గట్టిగ లాగి అల్లు అందామా, కళ్ళద్దాలు మార్పించుకొమ్మందామా అని మాటలు వెతుక్కుంది. నీకు సూది పట్టించిన మనిషితో నీ పని బాగాలేదని ఏ నోటితో అంటావని లోపల ఎవరో అడిగారు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాక, ఆవిడ అల్లి పెట్టిన నక్షత్రాన్ని జ్యోతి చేతిలోకి తీసుకుంది. ఇంకా గంజి పెట్టలేదు. చివర ముడి కత్తిరించి దారం లాగింది. లేసు అల్లికకు ఉన్న గుణం అదే, అల్లడానికి పూట పడుతుంది, విప్పడానికి క్షణం చాలు. సర్రుసర్రున వరస వెనక వరస ఊడిపోయి, నక్షత్రం పోయి, ఒడిలో వంకీలు తిరిగిన దారం మిగిలింది. దాన్ని గంజి ఆవిరి మీద పట్టి సాపు చేసి, అదే దారంతో మళ్ళీ నక్షత్రం అల్లింది. ఆవిడ దారమేగా, ఆవిడ ముట్టుకున్నదేగా, ఇది కూడా ఆవిడదే అని తనకు తాను చెప్పుకుంది. తెల్లారి శేషారత్నం వచ్చి, నిన్నటిది ఏదే అని అడిగితే, పెట్టెలో పెట్టిన పెద్దమ్మా అంది. అబద్ధం కాదు కదా అని కూడా అనుకుంది.

ఆ ఒక్కసారికే అనుకున్నది అలవాటైంది. ఆవిడ వెళ్ళిపోవడం, ఈమె విప్పడం. కొన్నాళ్ళకు మనోజ కనిపెట్టింది. ఏమీ అనకుండా తనూ ఒకటి అందుకుని విప్పబోతే, జ్యోతి చప్పున లాక్కుంది. ఆ పని ఇంకొకరు చేస్తుంటే చూడలేకపోయింది.

"చెప్తే ముసలామె పాణం చిన్నబోతది. నువ్వు మంచిగనే చేస్తున్నవ్ అక్కా, ఎందుకు ఫికర్ పడ్తవ్?" అంది మనోజ.

తను రోజూ చెప్పుకునే మాటే మనోజ నోట వింటే జ్యోతికి అది ఎందుకో చవకగా వినిపించింది. ముసలామె మనసు కోసమేనా? వందన ఆర్డరు పోతుందన్న భయం లేదా? పెద్దమ్మతో ఆ నాలుగు మాటలు అనడానికి చాలని ధైర్యం మాటేమిటి? వీటిలో ఏది ఎంతో తేల్చుకోకుండానే ఏడాది గడిచింది. ఆవిడ మాత్రం కళకళలాడుతూ ఉండేది. ఈ వయసులో కూడా నా చేతిపని జూబ్లీహిల్స్ మేడల్లో వేలాడుతోందని చర్చిలో చెప్పేది, కూరగాయల బండి దగ్గర చెప్పేది, కోడలికి రోజూ చెప్పేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా జ్యోతి తల వంచుకుని కుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఓదెలు, ఆ పెద్దామె లేకుంటె మనకీ పని యాడిది అని మాటవరసకు అన్నా ఆమె నీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోయేది.

ఈ డిసెంబరు మొదట్లో ఒక పెద్ద నిర్మాత ఇంట్లో విందు పెట్టుకున్నారు. రెండంతస్తుల ఎత్తు చెట్టు, దాన్నిండా తెల్ల అల్లికలే. పెట్టెలు అందుకున్న రోజు వందన సంబరంగా ఫోను చేసింది. విందుకు ముందు రోజు మధ్యాహ్నం ఇంటివాళ్ళు ఉండరు, వచ్చి చెట్టు చూసి వెళ్ళండి, మీకు నేర్పిన పెద్దావిడ ఉన్నారన్నారే, ఆవిణ్ణి తప్పకుండా తీసుకురండి అంది. స్పీకరులో ఆ మాట గదంతా వినపడింది. జ్యోతి ఏదో వంక చెప్పే లోపలే శేషారత్నం, అలాగే వస్తానమ్మా అని బదులిచ్చేసింది.

ఆ రోజు ఆవిడ ఈస్టరుకు కట్టుకునే తెల్ల పట్టుచీర కట్టింది. ఆటో గుట్ట ఎక్కుతుంటే చిన్నపిల్లలా బయటికి చూస్తూ కూర్చుంది. జ్యోతికి మాత్రం ఒకటే ఆలోచన. తన పని కనపడలేదని ఆవిడ అంటే ఏం చెప్పాలి? వెనకవైపు ఉన్నాయని చెప్పొచ్చు, పైన ఉన్నాయని చెప్పొచ్చు. దారి పొడుగునా ఇవే లెక్కలు.

హాలు మధ్యలో చెట్టు. చిన్న దీపాల వెలుగు అల్లికల సందుల్లోంచి జల్లెడలో పోసినట్టు కారుతోంది. శేషారత్నం తలెత్తి దాని కొన దాకా చూసింది. చెప్పులు బయటే విడిచి వచ్చిన పాదాలతో చలువరాయి మీద మెల్లగా చెట్టు చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగింది. చేతికందే కొమ్మకు ఉన్న నక్షత్రాన్ని వేలితో తాకి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇది నాదే. చూశావా ఎంత బిగువుగా వచ్చిందో! చెయ్యి పట్టు తప్పుతోందేమో అని ఈమధ్య నాలో నేనే దిగులు పడుతున్నానే జ్యోతీ. ఏం లేదు. ఇంకా బాగానే ఉంది నా చెయ్యి."

అది జ్యోతి అల్లింది. ఆవిడది విప్పి అల్లిందో, మొదటి నుంచీ తనదో కూడా జ్యోతికి తెలియదు. అవును పెద్దమ్మా అంది. నిజం చెప్పే సమయం దాటిపోయిందని ఆ క్షణంలో అనిపించింది. వందన వచ్చి ఇద్దర్నీ చెట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటోలో శేషారత్నం ముఖం వెలిగిపోతోంది. జ్యోతి కళ్ళు నేలమీద ఉన్నాయి.

ఆ ఆదివారం రహమత్ నగర్‌లో శేషారత్నం వాళ్ళ చర్చిలో, పండగకు ముందే చేసుకునే సెమీ క్రిస్మస్. సాయంత్రం శేషారత్నం మెట్లు దిగి నేరుగా జ్యోతి దగ్గరికే వచ్చింది. క్రిస్మస్ నాడు చర్చిలో కట్టే పశువులపాకకు ఈసారి అలంకరణ కొనుక్కొద్దామని స్త్రీల సమాజంలో అనుకుంటుంటే, తను లేచి నిలబడిందట. సినిమావాళ్ళ ఇంటికి చేసిన చేతులు ప్రభువు మందిరానికి చెయ్యలేవా, పాక మీద వేలాడే దేవదూతలన్నిటినీ నేనొక్కదాన్నే అల్లి ఇస్తానని అందరి ముందు మాట ఇచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారట.

జ్యోతి చేతిలోని అల్లిక పక్కన పెట్టింది. మేమంతా తలా ఒకటి అల్లుతాం పెద్దమ్మా, తొందరగా అయిపోతది అంది. ఆవిడ వినలేదు. అది తను మొక్కుకున్న పని, ఇంకొకరి చెయ్యి పెట్టనివ్వదు. పైగా ఇక్కడ మీ పెట్టెల హడావిడి, నా ఇంట్లోనే ప్రశాంతంగా చేసుకుంటానంది. జ్యోతికి ఇక దారి మిగల్లేదు. ఆ దేవదూతలు ఈ ఇంటికి రావు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు విప్పడానికి కుదరదు. అవి ఉన్నవి ఉన్నట్టే చర్చిలో అందరి ముందూ వేలాడతాయి.

రెండు మూడు రోజులు కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటే చూస్తూ గడిపింది. తర్వాత ఉండబట్టలేక ఎదురింటి మెట్లెక్కింది. శేషారత్నం మంచం మీద కూర్చుని అల్లుతోంది. పక్కన దుప్పటి మీద అయిపోయిన దేవదూత ఒకటి పడుకుని ఉంది. తల పిడికిలిలా ముడుచుకుపోయింది. గౌను ఒక పక్క విచ్చుకుని రెండో పక్క కుంచించుకుపోయింది. రెక్కల్లో ఒకటి రెండోదానికి సగం ఉంది. ఏడాదిలో వణుకు ఎంత ముదిరిందో జ్యోతికి అప్పుడే తెలిసింది. ఆవిడ దాన్ని ఎత్తి పట్టుకుని, ఎలా ఉందే అని అడిగింది. ఆ అడగడంలో చిన్న అనుమానం ఉంది. తప్పేమీ లేదని చెప్పించుకోవడానికి అడిగినట్టు ఉంది.

"మంచిగున్నది పెద్దమ్మా," అంది జ్యోతి.

ఆవిడ ముఖంలో అనుమానం చెరిగిపోయింది. జ్యోతి మెట్లు దిగుతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ చేసినదానికి ఏవో కారణాలు చెప్పుకుంది. ఇప్పుడు చెప్పినదానికి ఏ కారణమూ దొరకలేదు. చర్చిలో నలుగురూ ఆ బొమ్మను చూసి ముఖాలు చూసుకుంటారు. ఆవిడ అది గమనిస్తుంది. ఎవరూ నోరు తెరిచి అనరు, తనలాగే.

మర్నాడు ఉదయం కోడలు ఆఫీసుకు వెళ్ళడం చూసి మళ్ళీ మెట్లెక్కింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆ పెద్దింట్ల చెట్టుకున్నది నీ స్టార్ కాదు."

శేషారత్నం సూది ఆపలేదు. "మరెవరిది?"

"నాది. నువ్వు అల్లినయి విప్పి నేను మళ్ల అల్లిన."

"ఎన్ని?"

"అన్నీ."

అప్పుడు ఆగింది సూది. శేషారత్నం దాన్ని దారపుండకు గుచ్చి పక్కన పెట్టింది. అలా గుచ్చడానికి రెండుసార్లు పట్టింది. ఎప్పటినుంచని అడిగింది. పోయిన క్రిస్మస్ నుంచని చెప్పింది జ్యోతి. వందన పంపిన ఫోటో సంగతి చెప్పింది, దారం ఆవిరి మీద సాపు చేసిన సంగతి కూడా చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఏదీ దాచబుద్ధి కాలేదు.

"అయితే ఏడాది పొడుగునా మీ ఇంట్లో ఆ కుర్చీలో కూర్చుని నేనేం చేసినట్టే?"

నీకు బాధైతదని చెప్పలేదు పెద్దమ్మా అని జ్యోతి గొణిగింది.

"బాధ అవుతుందో లేదో నన్ను అడిగావా? నా చెయ్యి వణకడం నాకు తెలీదనుకున్నావా? మా కోడలు డాక్టరు దగ్గరికి రమ్మని వేసవికాలం నుంచీ పోరుతోంది. పని బాగానే వస్తోంది కదా, వయసు వణుకు అంతేలే అని దాని నోరు మూయిస్తున్నాను. నా పని చూసుకునే నాకు ధైర్యం. ఆ పని నాది కాదని నీకు తెలుసు, నాకే తెలీదు."

ఆవిడ గొంతు పెంచలేదు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోలేదు. జ్యోతి నేలమీద కూలబడి ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి వేసింది. శేషారత్నం ఆ చేతిని తీసేయలేదు, దాని మీద తన చెయ్యి కూడా వేయలేదు. నిన్న మంచిగున్నదన్నావే అని మాత్రం అంది. దారపుండ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇక వెళ్ళు జ్యోతీ. నాకు పనుంది."

ఎన్నో రోజులుగా మోసింది దించుకుంటే తేలిక పడతాననుకుంది జ్యోతి. పడలేదు. వణుకు సంగతి తను ఆ మొదటిరోజే ఒక్కమాట అని ఉంటే, వేసవి కంటే ముందే ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉండేది. విప్పింది నక్షత్రాలనే అనుకుంది. రాత్రి ఓదెలుతో అంతా చెప్పింది. అతను కంచం పక్కకు జరిపి, చెప్పుడైతే చెప్పినవ్ గద, గిప్పుడు ఆమె ఏమన్నా పడాలె అన్నాడు.

శేషారత్నం ఏమీ అనలేదు. అసలు రానేలేదు. కొడుకు ఆ వారమే ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాడని, వణుకుకి మాత్రలు రాశారని సందులో ఎదురైనప్పుడు కోడలు చెప్పింది. మాత్రలతో కొంత నెమ్మదిస్తుందట, పూర్తిగా పోదట. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేదన్నారండీ అని కోడలు మామూలుగా చెప్పుకుపోయింది. ఆమెకు ఏమీ తెలియదని జ్యోతికి అర్థమైంది. పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తనను కాచింది. అది తిట్టడం కంటే బరువుగా ఉంది. కోడలికి తనే అక్కడే నిలబడి చెప్పింది. ఆమె ముఖం గంటు పెట్టుకుని విని, సరేనని వెళ్ళిపోయింది.

ఏటా క్రిస్మస్ పొద్దున శేషారత్నం కిందికి దిగి, చర్చికి రెడీయేనా అని పిలిచేది. ఈసారి పిలుపు లేదు. అయినా జ్యోతి తలంటు పోసుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒక్కతే ఆటో ఎక్కి రహమత్ నగర్ వెళ్ళింది. చర్చి కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర చివరి వరసలో చోటు దొరికింది.

వేదిక పక్కన గడ్డి కప్పిన పాక. దాని మీద దేవదూతలు. అన్నీ శేషారత్నం అల్లినవే, ఎవరూ చెయ్యి పెట్టనివే. ఒకటి పక్కకు ఒరిగింది, ఒకదానికి రెక్క కిందికి వాలింది, ఇంకొకటి తల వంచుకుని పాకలోని పసిబిడ్డ తొట్టిలోకి చూస్తున్నట్టు ఉంది. గంజి కూడా సమంగా పట్టలేదు. ఫ్యాను గాలికి ఒక్కొక్కటీ ఒక్కో రకంగా తిరుగుతున్నాయి. జ్యోతి పక్కనున్న ఒకామె రెండో ఆమె చెవిలో, పాపం చెయ్యి బొత్తిగా పోయినట్టుంది ఆవిడకి అంది. జ్యోతి కళ్ళు మూసుకుంది. ముందు వరసలో శేషారత్నం తెల్ల పట్టుచీరలో నిటారుగా కూర్చుని ఉంది. అన్నీ తెలిసే, అలాగే తెచ్చి కట్టించింది. పాస్టరుగారు, ఇవి మన శేషారత్నమ్మగారు తమ చేతులతో చేసి దేవునికిచ్చినవి అని చెప్పినప్పుడు లేచి నిలబడి అందరికీ వందనాలు చెప్పింది. అలా చెప్పడానికి జోడించిన చేతులు వణుకుతుంటే దాచుకోలేదు.

ఆరాధన అయ్యాక చర్చి వెనక షామియానా కింద భోజనాలు. జ్యోతి గేటు వైపు నడుస్తోంది. ఎక్కడికే తినకుండా అన్న గొంతు విని ఆగింది. శేషారత్నం వడ్డించే వాళ్ళ వరసలో ఉంది. కొంగు నడుముకు దోపుకుని, బిర్యానీ గిన్నె ముందు నిలబడింది. పండగపూట వచ్చిన మనిషిని ఊరికే పంపే అలవాటు ఆవిడకు లేదు. అంతకు మించి ఆ పిలుపులో ఏమైనా ఉందో లేదో జ్యోతికి తెలియలేదు. పళ్ళెం తీసుకుని వరసలో నిలబడింది.

తన వంతు వచ్చింది. శేషారత్నం గరిటె నింపింది. చెయ్యి అదిరి, పళ్ళేనికి అందేలోపు మెతుకులు బల్లమీద రాలాయి, కొన్ని జ్యోతి చీర మీద పడ్డాయి. వెనకవాళ్ళు చూస్తున్నారు. జ్యోతి చెయ్యి తనకు తెలియకుండానే గరిటె అందుకోవడానికి లేచింది. గాల్లోనే ఆగింది. మెల్లగా దాన్ని మళ్ళీ పళ్ళెం కిందికి తెచ్చుకుని, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

శేషారత్నం అది చూసింది. మళ్ళీ గరిటె నింపింది. ఈసారి సగం పళ్ళెంలో పడింది, సగం బయట.

"చాలా? ఇంకా వెయ్యనా?"

"ఇంకింత వెయ్యి పెద్దమ్మా."

ఆవిడ తీరిగ్గా మూడోసారి వడ్డించింది. వరస కదలకుండా నిలిచిపోయింది. జ్యోతి తొందరపడలేదు. చివరకు శేషారత్నం గరిటె దించి, బల్లమీద పడ్డ మెతుకుల్ని తన చేత్తోనే దగ్గరకు ఊడ్చుకుంటూ, "పోయి కూర్చో. చల్లారిపోద్ది," అంది. జ్యోతి వంక చూడకుండానే అంది.